కన్ను తీయకుండా తిప్పగలిగే చక్రం: కెమెరాలో ఎక్స్‌పోజర్ నియంత్రణల అమరిక
(ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న ఛాయాగ్రాహక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

కెమెరా కొనడానికి వెళ్ళినవారు సెన్సర్ ఎంత పెద్దదని అడుగుతారు, ఆటోఫోకస్ ఎంత వేగమని అడుగుతారు. షట్టర్ స్పీడ్ మార్చే చక్రం ఏ వేలికి అందుతుంది, దాన్ని ఎటు తిప్పితే చిత్రం వెలుగెక్కుతుంది, వ్యూఫైండర్ నుంచి కన్ను తీయకుండా ఎక్స్‌పోజర్, అంటే చిత్రంలోకి చేరే వెలుగు మోతాదు, సరిదిద్దుకోగలమా అని అడిగేవారు అరుదు. కొంతకాలం వాడిన తరువాత ఒక కెమెరా మనదైపోవడానికీ, మరొకటి ఎంతకీ చేతికి రాకపోవడానికీ కారణం చాలామట్టుకు ఈ రెండో రకం ప్రశ్నల్లోనే ఉంటుంది. అందుకే ఈ సాయంత్రం ఎక్స్‌పోజర్ నియంత్రణల అమరిక గురించి మాత్రమే మాట్లాడదలచుకున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఎక్స్‌పోజర్ నియంత్రణ ఏదైనా రెండు పనులు చేయాలి. కెమెరా కంటి దగ్గరకు చేరకముందే ఇప్పుడున్న విలువ ఎంతో చూపాలి. కంటి దగ్గరకు చేరిన తరువాత ఆ విలువను వేలి స్పర్శతోనే మార్చనివ్వాలి. అంకెలు చెక్కిన డయల్ మొదటి పనిని బాగా చేస్తుంది, అంకెలు లేని చక్రం రెండో పనిని బాగా చేస్తుంది. ఈ రెంటిలో తన పనికి ఏది ఎక్కువ అవసరమో తేల్చుకోకుండా పాత పద్ధతి గొప్పదా, కొత్త పద్ధతి గొప్పదా అని ఎంతసేపు వాదించుకున్నా ఆ వాదం తెగదు.

ఫిల్ము రోజుల్లో సమస్య కొంత తేలికగా ఉండేది. ఫిల్ము సున్నితత్వం రీలుకు ఒకటే. వంద అయితే వంద, నాలుగు వందలయితే నాలుగు వందలు. రీలు పూర్తయ్యేదాకా దాని జోలికి వెళ్ళే పని లేదు. మిగిలినవి షట్టర్ స్పీడ్ (వెలుగు ఎంతసేపు పడాలి), అపర్చర్ (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకోవాలి). రెండు విలువలకు రెండు చేతులు. లెన్సును కింది నుంచి మోసే ఎడమ చేతికి అపర్చర్ రింగు, షట్టర్ మీట మీద ఉండే కుడి చేతికి పైనున్న షట్టర్ డయల్. 1954లో వచ్చిన లైకా ఎం3లో ఈ అమరిక ఎంత స్థిరపడిందంటే, నేటి లైకా ఎం కెమెరాలను చేతిలోకి తీసుకున్నా ఆ రెండూ అక్కడే తగులుతాయి.

దాదాపు ఆ కాలంలోనే ఇంకొక ఆలోచన కూడా బయలుదేరింది, ఇది మన విషయానికి చాలా ముఖ్యమైనది. వెలుగు మారనంతవరకు అపర్చర్ ఒక స్టాపు, అంటే లోపలికి వచ్చే వెలుగు సగమయ్యేంత, మూస్తే షట్టర్‌ను ఒక స్టాపు నెమ్మది చేయాలి. అయితే ఆ రెంటినీ కలిపి కట్టేస్తే ఛాయాగ్రాహకుడికి లెక్క వేసే శ్రమ తప్పుతుంది కదా అని జర్మన్ షట్టర్ తయారీదారులు యోచించారు. ఆ రెంటి జతను సూచించే ఎక్స్‌పోజర్ వాల్యూ అన్న ఒకే అంకె అలా వాడుకలోకి వచ్చింది. 1957లో వచ్చిన హాసెల్‌బ్లాడ్ 500సి కెమెరాకు జైస్ చేసిన సి లెన్సుల్లో అపర్చర్ రింగు, షట్టర్ రింగు ఒకదానితో ఒకటి లంకె వేసుకుని తిరిగేవి. ఒక్కదాన్నే మార్చాలంటే చిన్న పలకను నొక్కి లంకె విప్పాలి. సిద్ధాంతపరంగా చూస్తే ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. వాడుకలో మాత్రం మేఘం అడ్డొచ్చిన ప్రతిసారీ, నీడలోకి జరిగిన ప్రతిసారీ లంకె విప్పవలసి వచ్చేది. 1982లో వచ్చిన సిఎఫ్ లెన్సుల్లో ఈ పద్ధతి తలకిందులైంది. రింగులు విడివిడిగా తిరుగుతాయి. కలిపి తిప్పాలనుకుంటే బటన్ నొక్కాలి. యంత్రభాగాల పరంగా చూస్తే ఇది చిన్న మార్పు. కాని మామూలుగా ఉండవలసినది ఏది, అడిగి తెచ్చుకోవలసినది ఏది అన్న విషయంలో వాడేవారి చేతులు తయారీదారుల లెక్కను సరిదిద్దిన సందర్భంగా నేను దీన్ని చూస్తాను. ఏ కెమెరాను పరిశీలించినా నేను మొదట వేసుకునే ప్రశ్న ఇదే: బటన్ నొక్కకుండా మారేది ఏది, నొక్కితేగాని మారనిది ఏది?

ఇక ఒలింపస్ సంగతి. యోషిహిసా మైతాని రూపొందించిన ఓఎం-1 1972లో మొదట ఎం-1 అన్న పేరుతో వచ్చింది. అందులో షట్టర్ స్పీడ్‌ను పైభాగం నుంచి తీసేసి, లెన్సు బిగించే చోటు చుట్టూ ఒక రింగుగా అమర్చారు. అపర్చర్ రింగు లెన్సు ముందువైపు, ఫోకస్ రింగు మధ్యలో, షట్టర్ రింగు వెనకాల. మూడూ ఎడమ చేతివే. మామూలుగా షట్టర్ డయల్ ఉండే స్థానంలో ఫిల్ము సున్నితత్వం డయల్ ఉంటుంది. వేరే కెమెరా నుంచి వచ్చినవారు మొదట్లో ఆ డయల్‌నే తిప్పబోవడం సహజం. అలవాటు పడ్డాక మాత్రం కుడి చూపుడు వేలు షట్టర్ మీట మీద నుంచి అంగుళం కూడా కదలనక్కరలేదు. కంటి ముందు, వెలుగును కొలిచే మీటరు ముల్లు ఊగుతూ ఉంటుంది, ఎడమ చేతి వేళ్ళు రింగులను అటూ ఇటూ తిప్పి ముల్లును మధ్యకు తెస్తాయి. హార్మోనియం వాయించేవారు మెట్లకేసి చూడనట్టే, ఓఎం-1 వాడేవారికి అంకెలకేసి చూసే అవసరం చాలా తక్కువ. ఆ అమరికను ఇష్టపడినవారు దాన్ని విడిచిపెట్టలేకపోయారంటే నాకు ఆశ్చర్యం లేదు.

తిప్పే దిక్కు గురించి ఒక్క ఉదాహరణ చెబుతాను. 1984 నాటి లైకా ఎం6లో మీటరు ఎర్రటి బాణం గుర్తుల రూపంలో వ్యూఫైండర్‌లో వెలుగుతుంది. 1998లో వచ్చిన ఎం6 టిటిఎల్‌లో షట్టర్ డయల్‌ను పెద్దది చేశారు, చూపుడు వేలి కొనతో తిప్పేందుకు వీలుగా కాస్త ముందుకు తెచ్చారు, అంతకంటే ముఖ్యంగా అది తిరిగే దిక్కునే మార్చారు. బాణం ఎటు చూపితే అటు తిప్పితే చాలు. ఇంతకంటే తర్కబద్ధమైన దిద్దుబాటు ఉండదు. అయినా పాత లైకాలతో చేయి స్థిరపడినవారికి అది మింగుడు పడలేదు. 2003లో వచ్చిన ఎంపీ మళ్ళీ చిన్న డయల్‌తో, పాత దిక్కుతో వచ్చింది. రెండు పక్షాలకూ న్యాయముంది. కొత్తగా నేర్చుకునేవారికి బాణంతో కలిసే దిక్కు మేలు. ఏళ్ళ తరబడి ఒకే దిక్కుకు అలవాటుపడిన వేలికి ఆ తర్కం వివరించి లాభం లేదు, ఎందుకంటే వేలు ఆలోచించి తిరగదు. నికాన్ పాత మీటరు స్కేలులో ప్లస్ ఎడమవైపు, మైనస్ కుడివైపు ఉండేవి, మిగతావారు చాలామంది దానికి ఎదురుగా పెట్టారు. నేటి నికాన్ కెమెరాల మెనూలో స్కేలునూ, చక్రం దిక్కునూ మన ఇష్టానికి తిప్పి పెట్టుకునే వీలుంది. రెండు కంపెనీల కెమెరాలు కలిపి వాడేవారు చేయవలసిన మొట్టమొదటి పని అది. కొన్న రోజునే చేయాలి.

ఇప్పుడు స్వయంచాలక ఎక్స్‌పోజర్ కాలానికి వద్దాం. అపర్చర్ మనం పెట్టి షట్టర్‌ను కెమెరాకు వదలాలా, షట్టర్ మనం పెట్టి అపర్చర్‌ను వదలాలా అన్నది 1970లలో పెద్ద చర్చ. దాన్ని కళాభిరుచుల మధ్య తగాదాగా చెప్పుకోవడం పరిపాటి. నిజానికి దాని మూలాలు లెన్సు బిగింపులో ఉన్నాయి. పాత లెన్సులతో పనిచేయాలంటే కెమెరా శరీరం లోపలి షట్టర్‌ను ఎలక్ట్రానిక్ పద్ధతిలో నడపడం తేలిక. లెన్సులోని అపర్చర్ రేకులను కెమెరా తానే కచ్చితంగా మూయడం కష్టం. అందుకే పెంటాక్స్ 1971 నాటికే అపర్చర్ ప్రాధాన్య పద్ధతిని తెచ్చింది. కెనాన్ 1971లో ఎఫ్‌డి లెన్సులను ఆ పనికి కావలసిన మీటతో సహా తయారు చేసింది కనుక, 1976 నాటి ఏఈ-1లో షట్టర్ ప్రాధాన్యాన్ని ఎంచుకోగలిగింది. ఆ తరువాతి సంవత్సరమే మినోల్టా ఒకే కెమెరాలో రెండు పద్ధతులూ ఇచ్చింది. ఏఈ-1ను ఒక సంగతి కోసం దగ్గరగా చూడవలసి ఉంది. రెండు విలువలూ మనమే పెట్టుకునే మాన్యువల్‌లో వాడేటప్పుడు వ్యూఫైండర్‌లోని ముల్లు ఏ అపర్చర్ పెట్టాలో సలహా ఇస్తుంది గాని, రింగు మీద మనం ఏది పెట్టామో చూపదు. ముల్లు ఎఫ్ 8 అని చెబుతుంది. మనం కెమెరాను కిందికి దించి, రింగు చూసి, ఎఫ్ 8 దగ్గర పెట్టి, మళ్ళీ కంటికి ఎత్తాలి. ఈ లోపల ఎదుటి మనిషి ముఖంలో నవ్వు మాయమైపోతుంది. ఒక కంపెనీ స్వయంచాలక పద్ధతి మీద పెట్టిన శ్రద్ధ మాన్యువల్ వాడేవారి చేతి మీద పెట్టలేదని చెప్పడానికి ఈ ఒక్క వివరం చాలు.

1985 నాటి మినోల్టా 7000 ఆటోఫోకస్‌తో చరిత్రకెక్కింది. దాని లెన్సుల మీద అపర్చర్ రింగు లేదు, శరీరం మీద షట్టర్ డయల్ లేదు. రెంటినీ బటన్లు నొక్కి పెంచాలి, తగ్గించాలి. బటన్‌తో చిక్కేమిటంటే ఎన్నిసార్లు నొక్కామో వేలికి గుర్తుండదు. చక్రానికి ప్రతి మూడో వంతు స్టాపు దగ్గర ఒక క్లిక్ తగులుతుంది, మూడు క్లిక్కులంటే ఒక స్టాపు అని వేలికి తెలుస్తుంది. 1986లో కెనాన్ టి90 వచ్చింది. జర్మన్ రూపకర్త లుయిజి కొలానీ ఆలోచనల ప్రభావంతో రూపుదిద్దుకున్న ఆ శరీరం అరచేతి వంపులో ఒదుగుతుంది, షట్టర్ మీట వెనకాలే చూపుడు వేలికి అందేలా అంకెలు లేని చక్రం ఉంటుంది. 1989లో ఈఓఎస్-1 దానికి తోడుగా వెనకవైపు బొటన వేలికి ఒక పెద్ద చక్రాన్ని చేర్చింది. నేడు మనం వాడుతున్న రెండు చక్రాల పద్ధతి అక్కడ కుదురుకుంది. నికాన్ మాత్రం 1988 నాటి ఎఫ్4లో ఆటోఫోకస్ ఇచ్చి కూడా డయళ్ళను వదులుకోలేదు. 1996లో ఎఫ్5 వచ్చేదాకా ఆ కంపెనీ అగ్రశ్రేణి కెమెరా చక్రాల దారి పట్టలేదు. వృత్తి ఛాయాగ్రాహకుల అలవాటుకు ఎంత బరువు ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

డిజిటల్ వచ్చి ఈ ఏర్పాటును కదిపింది. సున్నితత్వం రీలు నుంచి విముక్తి పొంది చిత్రం చిత్రానికీ మారగలిగే మూడో విలువ అయింది. దానికి మీటరు నిర్ణయాన్ని ప్లస్ వైపో మైనస్ వైపో సవరించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను కలిపితే నాలుగు. వేళ్ళు మాత్రం అవే, చక్రాలు రెండే. ఎవరిని వెనక్కు నెట్టాలి?

కాంపెన్సేషన్‌ను వెనక్కు నెట్టకూడదని నేను గట్టిగా చెబుతాను. కారణం వివరించడానికి మన పెళ్ళి పందిరిని మించిన చోటు లేదు. మీటరు ఏ దృశ్యాన్నైనా మధ్యస్థ బూడిద రంగుగానే ఊహించుకుంటుంది. వధూవరులు మధుపర్కాలు కట్టుకుని పక్కపక్కన కూర్చున్నప్పుడు ఫ్రేములో సగానికి పైగా తెల్లటి నూలు బట్ట. మీటరును నమ్మితే ఆ తెలుపు మాసినట్టు వస్తుంది, వాటి మధ్య ముఖాలు నల్లబడతాయి. ప్లస్ రెండు మూడో వంతుల నుంచి ప్లస్ ఒకటి దాకా జరపాలి. మరుక్షణంలో అదే కెమెరాను పట్టుచీరలు కట్టుకున్న ముత్తైదువుల వైపు తిప్పితే ఆ ప్లస్ ఎక్కువైపోతుంది, జరీ అంచులు వెలిసిపోతాయి. వెంటనే సున్నాకు రావాలి. ఇంతలో తలంబ్రాలు మొదలవుతాయి. గాలిలో బియ్యపు గింజలు విడివిడిగా నిలిచి కనిపించాలంటే షట్టర్ స్పీడ్ కనీసం 1/250కి, వీలైతే ఇంకా పైకి పోవాలి. ఇవన్నీ కొద్ది నిమిషాల్లో జరగాలి, పురోహితుల వారు ఎవరికోసమూ ఆగరు. బటన్ నొక్కిపట్టి చక్రం తిప్పే పద్ధతిలో రెండు వేళ్ళు కలవాలి. అపర్చర్ ప్రాధాన్యంలో బొటన వేలి చక్రమే నేరుగా కాంపెన్సేషన్ అయ్యే పద్ధతిలో ఒక్క వేలు చాలు. కెనాన్ వెనక చక్రానికి ఇంతమంది అభిమానులు ఉండడానికి ప్రధాన కారణం ఇదేనని నా నమ్మకం. నికాన్‌లో కూడా మెనూలోకి వెళ్ళి ఇటువంటి ఏర్పాటు చేసుకోవచ్చు. చేసుకున్నవారు తక్కువ.

పెంటాక్స్ ఈ నాలుగు విలువల చిక్కుకు చూపిన పరిష్కారానికి రావలసినంత పేరు రాలేదు. షట్టర్, అపర్చర్ రెంటినీ కెమెరాయే నిర్ణయించే ప్రోగ్రాం పద్ధతిలో ఉండగా ఒక చక్రం తిప్పితే షట్టర్ ప్రాధాన్యానికి, రెండో చక్రం తిప్పితే అపర్చర్ ప్రాధాన్యానికి కెమెరా తనంతట తాను మారుతుంది. మోడ్ డయల్ ముట్టనక్కరలేదు. 2006 నాటి కె10డిలో ఆకుపచ్చ బటన్ ఉంది. మాన్యువల్‌లో దాన్ని ఒక్కసారి నొక్కితే మీటరు చెప్పిన విలువలు వచ్చి కూర్చుంటాయి, అక్కడి నుంచి మన ఇష్టం. షట్టర్, అపర్చర్ రెండూ మనం పెట్టుకుని సున్నితత్వాన్ని కెమెరాకు వదిలే ప్రత్యేక మోడ్ కూడా అందులోనే ఇచ్చారు. ఇప్పుడు అందరూ మాన్యువల్‌లో ఆటో ఐఎస్ఓ (ఐఎస్ఓ అంటే సున్నితత్వపు కొలమానం) అని వాడుతున్నది ఆ పద్ధతినే. మనిషి ముందుగా దేన్ని ఆలోచిస్తాడో ఆ చక్రాన్నే ముట్టుకుంటాడు, కనుక ఏ చక్రం ముట్టుకున్నాడన్నదే అతని ఉద్దేశం అని ఆ కెమెరా గ్రహిస్తుంది. ఇంతకంటే మర్యాదైన ప్రవర్తన యంత్రం నుంచి కోరలేం.

డయళ్ళు తిరిగి వచ్చిన సంగతి కూడా చెప్పాలి. 2011లో ఫుజీఫిల్మ్ ఎక్స్100 మార్కెట్లోకి వచ్చినప్పుడు లెన్సు మీద అపర్చర్ రింగు, పైన షట్టర్ డయల్, మూలన కాంపెన్సేషన్ డయల్ చూసి చాలామంది పాత రోజుల మీద మమకారమని తీసిపారేశారు. మమకారం కొంత ఉండవచ్చు, కాని ఉపయోగం అంతకంటే ఎక్కువ. కెమెరా ఆన్ చేయకుండానే, మెడలో వేలాడుతుండగానే, ఎఫ్ 8, 1/250 అని ఒక్క చూపులో తెలుస్తుంది. వీధుల్లో తిరుగుతూ తీసేవారికి ఇది వరమే. విద్యార్థులకు కూడా ఎక్స్‌పోజర్ నేర్పాలంటే అంకెలు చెక్కిన డయల్‌ను మించిన బోధనోపకరణం నాకు కనిపించలేదు; విలువలు ఏ వరుసలో ఉన్నాయో, ఒక చివర ఏముందో, రెండో చివర ఏముందో చేత్తో పట్టుకుని చూడవచ్చు.

డయళ్ళకు లోపాలూ ఉన్నాయి. ఎక్స్100లో మూలనున్న కాంపెన్సేషన్ డయల్ సంచిలో పెట్టి తీసేసరికి తిరిగిపోయి ఉండేది. 2014 నాటి ఎక్స్-టి1లో ఐఎస్ఓ డయల్‌కు మధ్యలో తాళం బటన్ ఉంది, దాన్ని నొక్కిపట్టి తిప్పాలి. కంటి దగ్గర కెమెరా ఉండగా అది దాదాపు అసాధ్యం. 2016లో వచ్చిన ఎక్స్-టి2లో ఆ తాళాన్ని ఒకసారి నొక్కితే పడేలా, మళ్ళీ నొక్కితే విడేలా మార్చారు. సరైన మార్పు. 2013 నాటి నికాన్ డిఎఫ్‌లో కాంపెన్సేషన్ డయల్‌ను ఎడమవైపు పెట్టి, పైగా తాళం వేశారు. లెన్సు మోస్తున్న చేతిని వదిలేసి పైకి తేవాలి. బరువైన లెన్సు తగిలించుకున్నవారు ఆ డయల్‌ను ఎలా వాడతారని ఆ రూపకర్తలు అనుకున్నారో నాకు అర్థం కాలేదు.

తాళాన్ని దిద్దవచ్చు. డయల్ స్వభావంలోనే ఉన్న చిక్కు ఇంకొకటి ఉంది. డయల్ తన అంకె దగ్గర బిగుసుకుని ఉంటుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని తిప్పలేదు. పందిట్లో వాడే అమరికను ఒకటిగా, బయట ఊరేగింపుకు వాడే అమరికను మరొకటిగా భద్రపరచుకుని ఒక్క మీటతో మారాలంటే అంకెలు లేని చక్రాలే కావాలి. డయల్ 1/125 చూపుతుండగా కెమెరా 1/1000లో పనిచేస్తే ఆ అంకె అబద్ధమవుతుంది. మూడో వంతుల సమస్య కూడా ఇటువంటిదే. షట్టర్ డయల్ మీద పూర్తి స్టాపులు చెక్కడానికే చోటుంటుంది, మధ్య విలువల కోసం మళ్ళీ వేరే చక్రాన్ని ఆశ్రయించాలి. ఫుజీఫిల్మ్ తానే 2018 నాటి ఎక్స్-హెచ్1లో డయళ్ళు పెట్టి, 2022 నాటి ఎక్స్-హెచ్2లో మోడ్ డయల్, రెండు చక్రాల పద్ధతికి మారిందంటే వృత్తి పనికి ఏది కావాలో అది గుర్తించిందనే అనుకోవాలి. ఎక్స్-టి వరుసలో డయళ్ళు కొనసాగుతున్నాయి. ఒకే కంపెనీ రెండు రకాల చేతులకూ చోటివ్వడం నాకు సంతోషంగా ఉంది.

స్పర్శపట్టీల గురించి ఎక్కువ చెప్పను. 2018 నాటి కెనాన్ ఈఓఎస్ ఆర్‌లో బొటన వేలి దగ్గర పెట్టిన స్పర్శపట్టీ తరువాత వచ్చిన ఆర్5, ఆర్6లలో కనిపించలేదు. క్లిక్ లేని చోట వేలికి ఆధారం లేదు, చెమట పట్టిన వేలికి అసలే లేదు. అదే కెమెరాతో వచ్చిన ఆర్ఎఫ్ లెన్సుల మీది కంట్రోల్ రింగు మాత్రం నిలిచింది. క్లిక్కులతో తిరుగుతుంది, ఎడమ చేతిలో ఉంటుంది, దానికి అపర్చర్ ఇచ్చుకోవచ్చు, ఐఎస్ఓ ఇచ్చుకోవచ్చు. మైతాని ఎడమ చేతికి అప్పగించిన పని ఇన్నేళ్ళకు మళ్ళీ ఆ చేతికే చేరింది.

ప్రసంగం ముగించే ముందు తయారీదారులు పట్టించుకోని ఒక వర్గం గురించి చెప్పాలి. ఎడమ కంటితో చూసేవారు మనలో తక్కువేమీ కాదు. కుడి కన్ను పెట్టేవారికి ముక్కు తెర పక్కకు పోతుంది, బొటన వేలికి చోటు మిగులుతుంది. ఎడమ కన్ను పెడితే ముఖం వెనక భాగమంతా ఆక్రమిస్తుంది, బొటన వేలు చెంపకు గుద్దుకుంటుంది, వెనక చక్రం అందీ అందనట్టుంటుంది. అటువంటివారు ముఖ్యమైన విలువను చూపుడు వేలి చక్రానికో, లెన్సు రింగుకో ఇచ్చుకుంటే సుఖపడతారు. పొట్టి వేళ్ళవారు షట్టర్ మీట వెనకనున్న కెనాన్ తరహా చక్రాన్నీ, మీట కింద ముందువైపున్న నికాన్ తరహా చక్రాన్నీ రెంటినీ తిప్పి చూసి ఎంచుకోవాలి. పట్టు సడలకుండా ఏది తిరిగితే అది వారిది.

దుకాణంలో కెమెరా చేతికిచ్చినప్పుడు తెర మీద బొమ్మలు చూడడం తరువాత పెట్టుకోండి. మీరు పని చేసే లెన్సంత బరువున్నదాన్ని తగిలించమనండి, కెమెరాను మాన్యువల్‌లో పెట్టి కంటికి ఎత్తండి. దుకాణం వెలుగులో మీటరు సున్నాకు తెచ్చి, వెంటనే గుమ్మం బయటి ఎండ వైపు తిరిగి, కన్ను తీయకుండా మళ్ళీ సున్నాకు తెండి. తరువాత అపర్చర్ ప్రాధాన్యానికి మార్చి ప్లస్ ఒకటి పెట్టండి, తిరిగి సున్నాకు రండి, ఐఎస్ఓను రెండు స్టాపులు పెంచండి. ఏ దగ్గర కెమెరాను కిందికి దించి వెతుక్కోవలసి వచ్చిందో గమనించి, అది మెనూలో మార్చుకోగలిగినదా, శరీరంలోనే ఉన్న లోపమా అని దుకాణం వారిని అడగండి. మెనూతో తీరేదయితే ఆ కెమెరాను తీసుకోవడానికి సందేహించనక్కరలేదు.